సెఫారియా లింకర్

యూదు గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం సెఫారియాకు అనుబంధమైన జావాస్క్రిప్ట్ కోడ్. సెఫారియాను 2011లో జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ స్థాపించారు. వెబ్ పేజీలో ఈ కోడ్ చేరిస్తే, అందులోని గ్రంథ ప్రస్తావనలను పసిగట్టి లింకులు కడుతుంది. ‘బెరఖోత్ 2ఎ’ మీద నొక్కితే తాల్ముద్ అనే యూదు గ్రంథంలోని ఆ భాగం మూలం, ఇంగ్లీషు అనువాదంతో చిన్న పెట్టెలో తెరుచుకుంటుంది. బెరఖోత్ ప్రకరణం పేరు, 2 అంటే ఆకు సంఖ్య, ‘ఎ’ దాని ముందు వైపు. తాల్ముద్ ప్రకరణాలు దాదాపు అన్నీ రెండో ఆకుతోనే మొదలవుతాయి, ఒకటో ఆకు కోసం వెతకడం దండగ!

ఈ గ్రంథాల్లో హీబ్రూ మాట వెతకడం మాత్రం చిక్కే. ‘బయిత్’ ఇల్లు, ‘హబయిత్’ ఆ ఇల్లు: అదనపు అక్షరం ముందే అతుక్కుంటుంది. మనకు ‘ఇల్లు’ ‘ఇంట్లో’ అయినట్టన్నమాట, కాకపోతే మనది తోక, వాళ్లది తల.