తక్కెడ వెనక తుపాకి

చీపురుపల్లి నుంచి ఒక దారి విజయనగరం పోతుంది, ఇంకొకటి రాజాం పోతుంది. రైలెక్కితే బాతువ, సిగడాం దాటాక పొందూరు. పూసపాటి వారి విజయనగరం గురించీ, తాండ్ర పాపారాయుడి రాజాం గురించీ బుర్రకథల్లో కావలసినంత విన్నాం. సన్న నూలుకు పేరుపడ్డ పొందూరును మాత్రం యుద్ధాల లెక్కలో ఎవరూ కలపరు. నన్నడిగితే మొదట కలపాల్సింది దాన్నే. తెల్లవాళ్లు ఈ తీరంలో దిగింది బట్ట కోసం.

1682లో ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. భీమిలిలో డచ్చివాళ్లది. కంపెనీ దళారులకు బయానా ఇచ్చేది, దళారులు ఊరూరా సాలెవాళ్లకు పంచేవారు. 120 పోగులు ఒక పుంజం. బట్టలో ఎన్ని పుంజాలుంటే అంత ధర. తగవు కూడా అప్పుడే మొదలైంది. బెంగాల్లో సుంకాల దగ్గర కంపెనీకీ మొగలులకూ చెడితే, 1689లో ఔరంగజేబు మనుషులు విశాఖ కోఠీని పట్టుకుని అక్కడి ఇంగ్లీషువాళ్లను చంపేశారు. గొడవ హుగ్లీ ఒడ్డున, తలలు తెగింది మన ఒడ్డున. తర్వాత వందేళ్లూ ఇదే వరస.

బొబ్బిలి సంగతి చూడండి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కింద ఈ తీరంలోని ఉత్తర సర్కారులను ఆ సైన్యం సేనాని బుస్సీకి రాసిచ్చాడు. 1756లో ఇంగ్లీషు, ఫ్రెంచి రాజ్యాల మధ్య ఏడేళ్ల యుద్ధం మొదలైంది. ఆ ఏడు చివర బుస్సీ బకాయిలు వసూలు చేసుకోడానికి ఇటు వచ్చాడు. అతనికి కావలసింది రొక్కం. విజయనగరం రాజు పెద విజయరామరాజు దగ్గర రొక్కమూ ఉంది, బొబ్బిలి మీద పాత పగా ఉంది. రెండూ కలిసి ఫిరంగులయ్యాయి. 1757 జనవరి 24న కోట పడింది. రాజు రంగారావు పోయాడు, ఆడవాళ్లూ పిల్లలూ పోయారు. మూడు రాత్రులు తిరక్కుండా బొబ్బిలి పక్షపు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. అయిదు నెలలకు, ప్లాసీ యుద్ధం జరిగిన వారంలోనే, అదే బుస్సీ విశాఖ ఇంగ్లీషు కోఠీని లొంగదీసుకున్నాడన్నది కథకులు వదిలేస్తారు. ఫ్రెంచివాడి దారిలో బొబ్బిలి ఒక మజిలీ.

విజయరామరాజు వారసుడు ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో విశాఖను వాళ్ల చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లకు అప్పగిస్తాను రమ్మని కబురు పెట్టాడు. బెంగాల్లో కంపెనీ పెద్ద క్లైవు కలకత్తా నుంచి ఓడల మీద సేనాని ఫోర్డును పంపాడు. అప్పుడు కుదిరిన ఒప్పందాన్ని మన రాజులు ఇంకోసారి చదివి ఉంటే బాగుండేది: సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి, గెలిచిన లోపలి సీమలు రాజువి, విశాఖ నుంచి మచిలీపట్నం దాకా సముద్ర తీరం కంపెనీది. భూమి దక్కితే చాలనుకున్నవాడు ఒకడు, రేవు దక్కితే చాలనుకున్నవాడు ఇంకొకడు. ఎవరిది లాభమో చెప్పనక్కర్లేదు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. రాజు డబ్బు కట్టక నాన్చితే ఫోర్డు సైన్యం కదల్లేక వారాల తరబడి కూర్చుంది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నమూ పడింది. 1765లో మొగలు ఫర్మానా, మరుసటేడు నిజాంతో ఒప్పందం. దాంతో సర్కారులు కంపెనీవి.

1773లో బోస్టన్ రేవులో నీళ్లపాలైన తేయాకు ఈ కంపెనీదే. ఆ పన్ను తగవు అమెరికా స్వాతంత్ర్య యుద్ధమై, ఫ్రెంచివాళ్లను కలుపుకుని, తిరిగి మన తీరానికే వచ్చింది. ఫ్రెంచివాళ్లతో చెలిమి ఉన్న మైసూరు హైదరు అలీ మీదికి ఓడెక్కమంటే 1780 అక్టోబరు 3న విశాఖలో సిపాయిలు తిరగబడి తెల్ల అధికారులను కాల్చేశారు. డచ్చి వర్తకులు కరీబియన్ దీవుల రేవు నుంచి అమెరికా వాళ్లకు మందుగుండు అమ్మారన్న కోపంతో ఇంగ్లండు హాలండు మీద యుద్ధం ప్రకటించింది. ఆ దెబ్బ 1781లో భీమిలి మీద పడింది. అమెరికా పేరైనా వినని భీమిలి బేస్తలు అమెరికా యుద్ధాన్ని కళ్లారా చూశారు.

1783లో అమెరికా స్వతంత్ర దేశమైంది. ఇక్కడ కంపెనీయే సర్కారైంది. పేష్కషు (కప్పం) బాకీ పడ్డాడని విజయనగరం రాజు చిన విజయరామరాజు సంస్థానాన్ని స్వాధీనం చేసుకుని, నెలకు 1,200 రూపాయల భరణం తీసుకుని మచిలీపట్నం పొమ్మంది. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరులో నేలకొరిగాడు. ముత్తాతల కాలంలో బట్టలు కొనుక్కోడానికి కోఠీ అడిగినవాళ్లు రాజుకు జీతం కట్టే స్థితికి వచ్చారు.

కుర్రదేశం అమెరికా ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. ఓడల రాకపోకల గొడవతో 1812లో మళ్లీ ఇంగ్లండుతో తలపడింది. యుద్ధకాలంలో మొలిచిన తన మిల్లులను కాపాడుకోడానికి 1816లో సుంకాల చట్టం చేసింది. దిగుమతి నూలు బట్ట చదరపు గజం ఎంత చవకదైనా 25 సెంట్లదిగానే లెక్కకట్టి పన్ను వేసింది. దాంతో భారతదేశపు ముతక నూలు బట్టకు అక్కడ తలుపులు మూసుకున్నాయి. తగవు పడి, పోరాడి, సొంత సుంకం రాసుకునే హక్కు సంపాదించుకుంది కాబట్టి అలా చేయగలిగింది. మనకు ఆ హక్కు లేదు. లాంకషైరు మిల్లులవాళ్లు పట్టుబడితే 1896లో మన మిల్లు బట్ట మీదే 3.5 శాతం ఎక్సైజు పన్ను వేశారు. అది రద్దయింది 1926లో.