పంగిడి నల్లరాయి

మొన్న సెలవులకి పుట్టింటికి వెళ్తే, మావాడు పెరట్లోంచి ఒక నల్లరాయి పట్టుకొచ్చి "గ్రానైటే కదమ్మా?" అన్నాడు.

కాదు, బసాల్టు. మా వంటింటి గ్రానైటు గట్టు కూడా నల్లగానే ఉంటుంది కానీ, దగ్గరగా చూస్తే రవ్వలు విడివిడిగా మెరుస్తాయి. ఇందులో రవ్వ కంటికి ఆనదు. పటికబెల్లం చూడండి, పాకం నిదానంగా చల్లారితేనే పెద్ద పలుకులు కడతాయి. లావా నేలమీదికొచ్చి గబగబా చల్లారిపోయింది, పలుకు కట్టే వ్యవధే లేదు. చేతికి బరువు. పైన మాత్రం తుప్పురంగు పొర, లోపలి ఇనుము పుణ్యం.

మా ఊరు కొవ్వూరు దగ్గర, పంగిడి పక్కన. చుట్టుపక్కల ఎక్కడా అగ్నిపర్వతం లేదు, మరి ఈ రాయి ఎక్కడిది? సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి మహారాష్ట్ర వైపు నేల బద్దలై పొంగిన లావా, నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడికొచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల లెక్క. అదీ ఒక్కసారిగా రాలేదు. రెండు నల్ల పొరల మధ్య సున్నపురాయి పొర ఉంది, దాన్నిండా గవ్వలు, ఆల్చిప్పలు. అంటే లావాకీ లావాకీ మధ్య ఇక్కడ ఉప్పునీళ్ళు నిలిచి, జీవాలు బతికాయన్నమాట. నాగపూర్‌లో ఉండే స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ ఈ గవ్వల గురించి 1860లోనే రాశాడు.

ఇది చదువుతుంటే నా చెయ్యి ఆగిపోయింది.

మా నాన్న ఆ క్వారీల్లోనే సమ్మెటతో కంకర కొట్టేవాడు. నా చదువు ఆ డబ్బులే. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక తెల్లరాయి తెచ్చి, అందులో గవ్వలు చూపించి "ఇక్కడ సముద్రం ఉండేదే అమ్మడూ" అన్నాడు. సముద్రం ఎక్కడ, మనమెక్కడ అని ఇంటిల్లిపాదీ నవ్వాం. నేనైతే మరీను, క్లాసు ఫస్టు కదా! ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పోయి తొమ్మిదేళ్ళయింది.

"నాన్న తెచ్చిన గవ్వరాయి ఏదమ్మా?" అని అడిగాను.

"అదా... బాత్రూం కట్టినప్పుడు పునాదిలో వేసేశాంగా" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.