రోడ్ రాష్: ఏ లెక్కలోకీ రాని మన రేసు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అటక మీద సామాన్లు సర్దుతుంటే ఒక పాత సీడీల పౌచ్ దొరికింది. అందులో ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో "రోడ్ రాష్, ఇంకా 20 గేములు" అని రాసుంది. మా పెద్దమ్మ కొడుకు చేతిరాత. నా లాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదనుకోండి, అది వేరే సంగతి :)

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలు, ఒక్క కుర్చీలో ఇద్దరం. అన్నయ్య బండి నడిపేవాడు, నేను తన్నేవాణ్ణి. అంటే తన్నే కీ నాది అన్నమాట. పక్క బండివాడు గొలుసు తిప్పుతుంటే సరిగ్గా ఆ క్షణంలో గుద్ది లాక్కోవాలి. ఆ టైమింగ్ కుదిరిన రోజు నేనే హీరో.

సరే, అసలు కథకి వద్దాం. బైకు రేసు ఆటలకి పెద్ద ఊపు తెచ్చింది 1985లో సెగా వదిలిన హ్యాంగ్-ఆన్. యూ సుజుకి తయారుచేసిన ఆర్కేడ్ ఆట. అందులో ఒక మోడల్‌కి నిజం బండి లాంటి బొమ్మ మీదే కూర్చుని పక్కకి ఒరగాలి. బొమ్మల్ని చిన్నవీ పెద్దవీ చేసి దూరం, దగ్గర చూపించడానికి ఆ మెషీన్లో ప్రత్యేకంగా హార్డ్‌వేర్ ఉండేది.

1991లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు మొదటి రోడ్ రాష్ తెచ్చింది సెగా జెనెసిస్ మీద. దాంట్లో అలాంటి హార్డ్‌వేర్ లేదు. ఉన్నది సుమారు 7.6 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్. ర్యాండీ బ్రీన్, డాన్ గైస్లర్, వాల్ట్ స్టెయిన్ వాళ్ళ బృందం ఎత్తుపల్లాలతో రోడ్డు గీయడం, ఎదురుగా వచ్చే కార్లు, పోలీసులు, కొట్లాట, అన్నీ ఆ చిన్న బుర్రతోనే చేయించాలి. అందుకే ఆట కాస్త తడబడుతూ కదిలేది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అక్కడ మజా వేగంలో కాదు, పక్కవాడు ఎప్పుడు కొడతాడో అన్న భయంలో ఉంది.

1992లో రెండోది, 1995లో మూడోది వచ్చాయి. కానీ మనం ఆడింది ఈ మూడూ కాదు. మనది 3డీఓ అనే కన్సోల్ కోసం 1994లో కొత్తగా చేసిన ఆట. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెట్టిన ట్రిప్ హాకిన్సే ఆ 3డీఓ కంపెనీ కూడా పెట్టాడు. 1993లో కన్సోల్ ధర 699 డాలర్లు! అంత పోసి కొనేవాళ్ళెవరు? మూడేళ్ళలో మూలపడింది. ఆట మాత్రం బతికిపోయి 1996లో విండోస్‌కి వచ్చింది. సౌండ్‌గార్డెన్ పాటలతో సహా.

అందులో ట్రాకుల పేర్లు చూడండి: సిటీ, పెనిన్సులా, పసిఫిక్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ. అప్పట్లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆఫీసు సాన్ మాటియోలో ఉండేది. అంటే పెనిన్సులా వాళ్ళ పెరడే. తమ చుట్టుపక్కల పేర్లనే ఆటలో పెట్టారు. ఇప్పుడా చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్ళున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. అన్నయ్య ఆన్‌సైట్‌కి వెళ్ళినప్పుడు పసిఫిక్ తీరం రోడ్డు మీద కారు ఆపి ఫోటో పంపించాడు. కింద ఒకటే మాట: "తన్నేవాడు లేడురా".

ఇంకో తమాషా. రేసు మధ్యలో ఎక్స్, వై, జెడ్, జెడ్, వై అని టైప్ చేస్తే చేతిలోకి ఆయుధం వచ్చేది కదా. ఆ మాట వాళ్ళు కనిపెట్టింది కాదు. 1970ల్లో విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ రాసిన కొలోసల్ కేవ్ అడ్వెంచర్ అనే అక్షరాల ఆటలో అదొక మంత్రం. ప్రోగ్రామర్ల మధ్య చేతులు మారుతూ వచ్చి తెనాలి నెట్ సెంటర్లో తేలింది.

తరవాత ఏమైంది? 1998లో పూర్తి త్రీడీలో తిరగరాశారు. రోడ్లు పెరిగాయి, కొట్లాట తగ్గింది. ఉన్నదాన్ని మొదట్నుంచీ తిరగరాస్తే అసలు జనానికి నచ్చిన ముక్కే జారిపోవడం మన ఆఫీసుల్లో చూడలేదా ఏంటి? 2000లో జైల్‌బ్రేక్‌తో సర్దుకోవాలని చూశారు గానీ అప్పటికే ఆలస్యమైంది. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చాక ఆ వరస ఆగిపోయింది. 2017లో వేరేవాళ్ళు రోడ్ రిడెంప్షన్ అని అదే స్ఫూర్తితో చేశారు. ఆడాను, బాగుంది. కాకపోతే అందులో తుపాకులున్నాయి. దూరం నుంచి కాల్చగలిగితే ఇక పక్కకి ఎందుకెళ్తాం?

ఇదంతా నోస్టాల్జియా అని కొట్టిపారెయ్యొచ్చు. నన్ను తొలిచేది మాత్రం వేరు. మనలో ఎవరైనా ఈ ఆట డబ్బిచ్చి కొన్నామా? నాకు తెలిసిన ఒక్కరూ కొనలేదు. అన్నీ కాపీ సీడీలే. కాబట్టి ఎంతమంది ఆడినా ఆ కంపెనీ అమ్మకాల లెక్కలో మనం సున్నా. ఎవరికోసం మళ్ళీ చెయ్యాలని వాళ్ళు కూర్చుని ఆలోచిస్తే, ఆ జాబితాలో మన పేరుండదు. తప్పు మనదీ ఉంది. చిన్నపిల్లలం, చేతిలో ఉన్నది పదిహేను రూపాయలు, అదీ నిజమే.

యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి తెప్పించి సీడీ పెట్టాను. గీతలు పడిపోయి సగం ఫైళ్ళు చదవలేదు. ఇంట్లో రాసుకున్న సీడీలు కలకాలం ఉండవు, మీ దగ్గర ఉంటే ఇవాళే హార్డ్ డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి. ఆటలే కాదు, ఫోటోలు కూడా.

ఆ సీడీ మాత్రం పారెయ్యలేదు. దాని మీద అన్నయ్య చేతిరాత ఉంది కదా.