ఇసుక కింది సౌదీ

సౌదీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఇసుక. జగిత్యాల నుంచి బయల్దేరినా రాజంపేట నుంచి బయల్దేరినా, కుర్రాడికి ఇంట్లో చెప్పే జాగ్రత్తలన్నీ ఎండ గురించీ ఇసుక గురించే. నిజానికి ఈ దేశంలో ఇసుక కప్పింది సుమారు మూడో వంతు నేలనే. మిగతాదంతా రాయీ, గుట్టలూ, కంకర మైదానాలూ. రాజధాని రియాద్ కూర్చున్నదైతే అచ్చంగా సున్నపురాయి మీద. ఇక్కడి చరిత్రను 1938లో చమురు పడ్డ రోజు నుంచి చెప్పడం అందరికీ అలవాటు. నన్నడిగితే నగరానికి పడమర ఉన్న తువైక్ కొండ దగ్గర మొదలుపెట్టాలంటాను.

తువైక్ పడమటి వైపు నిలువునా తెగిపోయి, తూర్పుకు మెల్లగా వాలుతూ పోతుంది. నజ్ద్ ప్రాంతంలో దాదాపు 800 కిలోమీటర్ల పొడవున ఉందీ కొండచరియ. సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ కాలంలో, ఇక్కడంతా లోతులేని వెచ్చని సముద్రం. పగడాలూ గవ్వలూ సున్నపు బురదా అడుగున పేరుకుని రాయైపోయాయి. కడప బండలు, తాండూరు బండలు పరిచిన ఇళ్లలో పెరిగిన మనకు సున్నపురాయి కొత్త కాదు. కాకపోతే మన బండల్లో గవ్వ కనిపించదు. గవ్వలు పెట్టే జీవాలు పుట్టకముందే అవి పేరుకున్నాయి. తువైక్ రాయిలోనో, పగడం ముక్కలు చేతికి తగులుతాయి. బ్రిటిష్ అధికారి ఫిల్బీ ఈ దారిన తిరిగి ఏరుకెళ్లిన శిలాజాలను చూసి, ఇవి జురాసిక్ నాటి సముద్ర జీవాలని 1921లోనే ఇంగ్లండులో తేల్చారు.

తువైక్ పొర మీద హనీఫా, దాని మీద జుబైలా, ఆపైన అరబ్, వీటన్నిటికీ మూతగా హిత్. శాస్త్రవేత్తలు పొరలకు ఇక్కడి వాగుల పేర్లూ ఊళ్ల పేర్లూ పెట్టారు. హనీఫా అంటే రియాద్ పక్కనున్న వాగే. సున్నపురాయిని కోసుకుంటూ పారే ఆ వాగులో ఎప్పుడో ఒకసారి వచ్చే వరద కంకరలోకి ఇంకిపోతుంది. తవ్వితే నీళ్లు, నీళ్లుంటే ఖర్జూర తోటలు, తోటలుంటే ఊరు. సౌద్ వంశపు తొలి రాజధాని దిరియా ఆ ఒడ్డునే వెలిసింది. తమ రాజ్యం 1727లో మొదలైందని సౌదీలు చెప్పుకుంటారు. 1818లో ఈజిప్టు నుంచి వచ్చిన ఇబ్రహీం పాషా సైన్యం దిరియాను నేలమట్టం చేశాక కేంద్రం రియాద్‌కు మారింది. మధ్యలో చేజారిన ఆ రియాద్‌ను అదే వంశపు అబ్దులజీజ్ 1902లో తిరిగి గెలుచుకున్నాడు. అప్పటికి చమురు సంగతి ఎవరికీ తెలియదు.

చమురు కథంతా ఈ పొరల వాలులో ఉంది. రియాద్ దగ్గర నేల మీద కనిపించే రాయి తూర్పుకు పోయేకొద్దీ కిందికి దిగుతూ, గల్ఫ్ తీరం చేరేసరికి కిలోమీటరు లోతు దాటేస్తుంది. ఆనాటి సముద్రంలో గాలి ఆడని పల్లాలుండేవి. వాటిలో చచ్చిన సూక్ష్మజీవులు కుళ్లకుండా తువైక్, హనీఫా బురదల్లో కూరుకుపోయి, పైబరువుకూ వేడికీ చమురైపోయాయి. ఆ చమురు పైకి పాకి అరబ్ పొర రంధ్రాల్లో నిండింది. ఇంకా పైకి పోకుండా అడ్డుపడింది హిత్. సముద్రం ఎండిపోతూ వదిలిన అన్‌హైడ్రైట్ అది, జిప్సానికి చుట్టం. అయితే నేల మీద వాన నీటికి కరిగిపోతుంది కనుక బయట కనిపించడం చాలా అరుదు. రియాద్ నుంచి అల్ ఖర్జ్ వెళ్లే వైపు దహల్ హిత్ అనే పెద్ద గుంట ఉంది. ఇక్కడ చమురు వెతికిన అమెరికన్ కంపెనీ ముఖ్య భూగర్భ శాస్త్రవేత్త మాక్స్ స్టైనకీ ఆ పొరను అక్కడే చూశాడు. మూత ఉందంటే కింద సరుకు నిలిచి ఉండే అవకాశం ఉన్నట్టే.

ఆ కంపెనీకి చమురు వెతికే అనుమతి 1933లో దొరికింది. గల్ఫ్ తీరాన దమ్మామ్ దగ్గర తవ్విన తొలి బావులు నిరాశపరిచాయి. 1936 డిసెంబరులో మొదలైన ఏడో బావి, పై పొరలను దాటి 1,440 మీటర్ల లోతున అరబ్ పొరను తాకింది. 1938 మార్చిలో రోజుకు 1,500 బ్యారెళ్లకు పైగా చమురిచ్చింది. పదేళ్లకు, 1948లో, గవార్ చమురు క్షేత్రం బయటపడింది. సుమారు 280 కిలోమీటర్ల పొడవున్న ఆ క్షేత్రంలో చమురు ప్రధానంగా అరబ్ పొరలోని అడుగు భాగానిదే. ఈ ఘనత అంతా అమెరికన్లకే ఇవ్వడం నాకు నచ్చదు. వాళ్లను ఎడారిలో దారి తప్పకుండా నడిపించింది ఖమీస్ బిన్ రిమ్‌థాన్ అనే బెదూయిన్. ఆయన పేరు ఇప్పుడొక చమురు క్షేత్రానికి ఉంది.

రియాద్‌లో పునాదులు తవ్వే మనవాళ్ల గునపం తగిలేదీ ఈ జుబైలా, అరబ్ రాళ్లకే. ఇక్కడ వాటిలో చమురు లేదు. అన్‌హైడ్రైట్ కరిగిపోయి పై రాయి కుంగింది కనుక పగుళ్లూ బొరియలూ ఉంటాయి. పెద్ద భవనం లేపే ముందు ఇంజినీర్లు వాటిని వెతుక్కోవాల్సిందే.

అల్ ఖర్జ్‌లో ఇలా కుంగిన చోట్లే నీటి మడుగులయ్యాయి. 1940ల్లో వాటికి పంపులు పెట్టి పొలాలు పండించారు. ఇప్పుడవి ఎండిపోయాయి. వానలు బాగా కురిసిన పూర్వయుగాల్లో ఇంకిన నీటిని దేశమంతటా బోర్లు వేసి తోడి, ఒక దశలో గోధుమలు ఎగుమతి కూడా చేశారు. చమురును లెక్కబెట్టి తోడిన ప్రభుత్వం నీటి దగ్గర ఆ జాగ్రత్త చూపలేదు. రైతుల నుంచి గోధుమలు కొనడం 2008 నుంచి తగ్గించుకుంటూ వచ్చి 2016కల్లా ఆపేసింది. ఈరోజు రియాద్ తాగే నీటిలో ఎక్కువ భాగం గల్ఫ్ తీరంలో ఉప్పు తీసి, వందల కిలోమీటర్ల పైపుల్లో ఎక్కించి తెస్తున్నదే.