తెర మీద ఎవరి పేరు

తెల్లవారి ఐదున్నర. రాత్రి వానకి కోల్‌కతా ప్రిన్సెప్ ఘాట్ మెట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. తెల్లటి స్తంభాల మండపం వెనక విద్యాసాగర్ సేతు తీగలు మబ్బులోకి పోతున్నాయి. మట్టి ముంతలో టీ పట్టుకుని మీరు ఒక పక్కన నిలబడ్డారు. ఎదురుగా ఏడెనిమిది మంది కుర్రాళ్లు, ఒక కెమెరా, రెండు రిఫ్లెక్టర్లు, ఒక స్పీకరు. దసరాకి విడుదల కావలసిన బెంగాలీ పాట ఇది. పోలీసు అనుమతి కాగితం దర్శకుడి చొక్కా జేబులో మడిచి ఉంది. ఎండ ముదిరేలోపు మూడు షాట్లు తీయాలి.

పక్కనే పట్టాల మీద సర్క్యులర్ రైలు కూత పెట్టుకుంటూ వెళ్లింది. ఎవరూ తల తిప్పలేదు. పాట ఎప్పుడో స్టూడియోలో రికార్డయిపోయింది, ఇక్కడి శబ్దంతో వీళ్లకి పని లేదు. ఝాల్‌మురి మరమరాలు అమ్మే అబ్బాయి డబ్బా గిలకొట్టుకుంటున్నా, పడవవాళ్లు కేకలేసుకుంటున్నా ఫర్వాలేదు. కావలసింది పెదాలు. స్పీకర్లో మూడు బీప్‌లు వినిపించాయి, వెంటనే పల్లవి మొదలైంది. గాయకుడు ఉత్తినే పెదాలు కదపడం లేదు, గొంతెత్తి పాడుతున్నాడు. పాడకపోతే మెడ నరాలు కదలవు, కెమెరా ఆ అబద్ధాన్ని పట్టేస్తుంది.

రెండో షాటుకి పాట వేగం రెట్టింపైంది. పిల్లలు క్యాసెట్‌ని పరిగెత్తించి నవ్వుకున్నట్టు వినబడుతోంది. గాయకుడు మాత్రం ఆ పరుగు అందుకుంటూ ప్రతి అక్షరం పలుకుతున్నాడు. కెమెరా సెకనుకి యాభై ఫ్రేములు తీస్తోంది. వాటిని ఇరవై ఐదు లెక్కన నడిపితే జుట్టు గాలికి నెమ్మదిగా ఎగురుతుంది, నది బద్ధకంగా పారుతుంది, పెదాలు మాత్రం అసలు పాటకి సరిగ్గా అతుకుతాయి. తెర మీద మీరు చూసే ఆ తీరికంతా ఈ హడావిడిలోంచే పుడుతుంది.

ఎర్ర అంచు తెల్ల చీర కట్టిన అమ్మాయి స్తంభం చాటు నుంచి వచ్చి వెనక్కి తిరిగి చూడాలి. తర్వాత పసుపు ట్యాక్సీ. మధ్యాహ్నం మైదాన్ పక్కన ట్రాము. రేపు రాజార్‌హాట్ వైపు రెల్లు పూసిన చోట ఇంకో చరణం. కోల్‌కతాలో తీసే ప్రతి పాటలోనూ ఇవే ఎందుకుంటాయని అడిగితే దర్శకుడు ఫోను తీసి చూపించాడు. బొటనవేలితో తెరని పైకి తోస్తూ పోయే మనిషి, తరచుగా శబ్దం కూడా ఆపేసి చూసే మనిషి, మూడు సెకన్లలో ఆగాలి. ఇది ఏ ఊరో, ఏ పండగో, ఏ మనసో ఆ మూడు సెకన్లలోనే తెలియాలి. ట్రాము ఆ పని చేసిపెడుతుంది. ఒక్క మైదాన్ మార్గం తప్ప మిగిలిన ట్రాములన్నీ ఆపేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. పసుపు ట్యాక్సీలుగా తిరిగే అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఊళ్లో కరిగిపోతున్న కొద్దీ అవి పాటల్లో చిక్కబడుతున్నాయి.

మనకీ ఈ ఊరు పాటలోంచే పరిచయం. 1998లో ‘చూడాలని వుంది’ వచ్చింది. వేటూరి రాయగా మణిశర్మ స్వరంలో హరిహరన్ పాడిన ‘యమహా నగరి’ మొదట్లోనే హౌరా వంతెనకి దండం పెడుతుంది. ఎన్నడూ హౌరాలో రైలు దిగని తెలుగువాళ్లకి కూడా హుగ్లీ సొంత నదిలా అనిపించింది. శుక్రవారం ‘చిత్రలహరి’ ముందు కూర్చున్న తరానికి పాట దృశ్యమే సినిమాకి పిలుపు. టీవీలో పాట చూసి థియేటర్లో టికెట్టు కొనేవాళ్లం.

ఇక్కడి కుర్రాళ్లకి అమ్మడానికి సినిమా లేదు. పాట వినడానికి ఎవరూ రూపాయి ఇవ్వరు, వ్యూస్ వల్ల వచ్చేది ఈ రెండు రోజుల షూటింగ్ భోజనాలకి కూడా చాలదు. మరి సొంత డబ్బు పోసి తీయడమెందుకు? గాయకుడు టీ తాగుతూ ‘మాచా’ అన్నాడు. చలికాలం వస్తే బెంగాల్ జిల్లాల్లో ఊరూరా కట్టే కచేరీ వేదికల్ని అలా అంటారు. ఈ వీడియో నచ్చితే అక్కడి నిర్వాహకులు ఫోను చేస్తారు. ఆ నాలుగు నెలల కచేరీలే ఏడాది తిండి.

మండపం మెట్ల చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పాటలో దోతారా అనే తీగవాయిద్యం వాయించింది ఆయనే. షూటింగ్ చూద్దామని వచ్చాడు. తెరమీద మాత్రం దోతారా పట్టుకునేది ఒక మోడల్ కుర్రాడు. ఆ కుర్రాడి వేళ్లు ఎక్కడ పడాలో తెలియక తడబడుతున్నాయి. పెద్దాయన లేచి వెళ్లి, ఆ వేళ్లని ఒక్కొక్కటే తీగల మీద సర్దుతున్నాడు. “ఇలా పట్టు నాయనా, గట్టిగా నొక్కకు.” అది చూస్తుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది. వాయించిన చేతులు అక్కడే ఉండగా, వాటిని ఫ్రేము బయట నిలబెట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

పాటకి ముఖం తొడిగి అమ్మడం ఈ ఊరికి కొత్త కాదు. రవీంద్ర సరణి వెంట ఉత్తరానికి నడవండి. దీన్నే పాతరోజుల్లో చిత్‌పూర్ రోడ్డు అనేవారు. నఖోదా మసీదు దాటే ఈ దారిలోనే గాయని గౌహర్ జాన్ బతికింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, హోటలు గదిలో యంత్రం బిగించి ఆమె పాట తీసుకున్నాడు. మైకు లేదు, పెద్ద కొమ్ములోకి పాడాలి. మూడు నిమిషాల్లో రాగం ముగించాలి. చివర్లో ఆమె తన పేరు తనే ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఆ ముద్రలు జర్మనీలోని హానోవర్‌కి వెళ్లి రికార్డులుగా అచ్చయ్యేవి, అక్కడి పనివాళ్లకి ఏ పాట ఎవరిదో తెలియాలి కదా! అవసరం కోసం పుట్టిన ఆ అలవాటే ఆమె గుర్తయింది. తర్వాత ఆమె బొమ్మ అగ్గిపెట్టెల మీదికీ ఎక్కింది. వీడియో ఇంకా పుట్టకముందే ముఖం, పేరు, పాట ఒక్క కట్టగా అంగడికి చేరాయి.

ఈ ఊరి శివారు దమ్‌దమ్ కథ అందరికీ చెప్పాలనిపిస్తుంది. మన తాతల ఇళ్లలో తిరిగిన కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. రికార్డులు అక్కడి ఫ్యాక్టరీలోనే అచ్చయ్యాయి. తెలుగు నాటక పద్యం, తెలుగు సినిమా పాట దమ్‌దమ్‌లో నల్లటి పళ్లెమై, రైలెక్కి బెజవాడ చేరేవి. ఆ కంపెనీయే ఇవాళ్టి సరిగమ. పూజల వేళ హెచ్.ఎం.వి. ‘శారద అర్ఘ్య’ అని ఒక పుస్తకం వేసేది. అందులో కొత్త పాటల సాహిత్యం, గాయకుల ఫొటోలు, రాసినవారి పేరు, స్వరం కట్టినవారి పేరు ఉండేవి. అదీ ప్రచారమే. కానీ ఆ ప్రచారంలో పాట వెనకున్న మనిషికి చోటుండేది. మన సినిమాహాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలూ అంతే, కొన్న ప్రతివాడికీ కవి పేరు తెలిసేది.

2020 మార్చిలో వచ్చిన ‘గెందా ఫూల్’ వీడియో గుర్తుందా? బాద్‌షా, పాయల్ దేవ్ పాడారు, జాక్వెలిన్ ఫెర్నాండెజ్ నటించింది. ఎర్ర అంచు తెల్ల చీర, దుర్గ ప్రతిమ, ఎండాకాలం మొదట్లోనే పూజల వాతావరణం. బెంగాల్ అనగానే గుర్తుకొచ్చే సామానంతా అందులో ఉంది. లేనిది రతన్ కహార్ పేరు. బీర్‌భూమ్ జిల్లా సిఉడీలో పేదరికంలో బతుకుతున్న ఆ జానపద గాయకుడు 1972లో కట్టిన పాటలోంచే దాని హుక్, అంటే పదే పదే వినబడే ఆ వరస, వచ్చింది. 1976లో స్వప్నా చక్రవర్తి గొంతులో రికార్డుగా వచ్చి బెంగాల్ అంతా పాడుకున్న పాట అది. జనం నిలదీశాక బాద్‌షా ఆయనకి ఐదు లక్షలు పంపాడు. 2024లో రతన్ కహార్‌కి పద్మశ్రీ వచ్చింది. పాత పాట జానపదమైపోయిందంటే యజమాని లేడని కాదు, యజమానిని వెతకలేదని. 2021లో సినిమా పాట ‘సారంగ దరియా’ దగ్గర మనమూ ఇదే తగువులో చిక్కుకున్నాం. యూట్యూబులో లక్షల మంది చూసే తెలంగాణ జానపద వీడియోలకీ ఈ ప్రశ్న తప్పదు.

రాత్రి తొమ్మిది. టాలీగంజ్‌లో రెండో అంతస్తు, ఏసీ సగమే పనిచేస్తున్న ఎడిటింగ్ గది. 1933లో సి. పుల్లయ్య ‘సతీ సావిత్రి’ని, మరుసటి ఏడాది ‘లవకుశ’ని తీసిన ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ ఈ టాలీగంజ్‌దే. మన తొలి టాకీల్లో కొన్నింటి పద్యాలు ఈ గాలిలోనే మోగాయి. తెర మీద ఎడమ పక్క కింద మూడు వరసలు వెలిశాయి. పాట పేరు, గాయకుడి పేరు, లేబుల్ పేరు. టీవీ చానళ్ల కాలం నుంచి ఆ మూలకి అదే వాడుక.

“దాదా, దోతారా ఎవరు?” అని మీరు అడిగారు.

“కింద వివరాల్లో ఉంటుంది,” అన్నాడు ఎడిటరు. వివరాలు విప్పి చదివేవాళ్లు ఎంతమందో అతనికీ తెలుసు. కాసేపు మౌస్ కదపకుండా కూర్చుని, దర్శకుడికి ఫోను చేశాడు. ఇద్దరూ బెంగాలీలో వాదించుకున్నారు. లేబుల్ పద్ధతి ప్రకారం నాలుగో వరస కుదరదట. చివరికి రెండో చరణం ముందు దోతారా ఒక్కటే వినిపించే చోట, మోడల్ వేళ్ల క్లోజప్ తీసేసి నది షాటు పెట్టాడు. దాని మీద పెద్దాయన పేరు, పక్కనే దోతారా అని. నాలుగు సెకన్లు. పేరులో ఒక అక్షరం సరిచూసుకోవడానికి ఆ రాత్రివేళ ఆయనకే ఫోను కలిపాడు.

అది పెద్ద వీడియోకి. ఫోన్ల కోసం కోసిన ముప్పై సెకన్ల నిలువు ముక్క హుక్ దగ్గరే మొదలై హుక్ దగ్గరే ఆగిపోతుంది. జనం ఎక్కువగా చూసేది దాన్నే, రెండో చరణం దాకా అది రాదు. దానికి పేరు ఎక్కడ పెట్టాలో రేపు లేబుల్‌వాళ్లతో తేల్చుకోవాలంటున్నాడు ఎడిటరు. ఇప్పటికైతే ఆ ఫైలుని అప్‌లోడ్ వరసలోంచి తీసి పక్కన పెట్టాడు.