కిరీటం ఒక్క తలకేనా?

తలమీద కిరీటం, మెడలో లేసు కాలరు, కొట్టొచ్చే రంగులు - అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ బొమ్మ ఇది. 2013లో ఓటుహక్కు చట్టాన్ని బలహీనపరచిన తీర్పుతో ఆమె విభేదించాక ఇలాంటి బొమ్మలు చొక్కాలమీదికీ, కాఫీ కప్పుల మీదికీ ఎక్కాయి.

ఇది పాప్ ఆర్ట్ చూపిన దారే. 1962లో ఆండీ వార్హోల్ సూప్ డబ్బాలనూ, మార్లిన్ మన్రో ముఖాన్నీ ఒకే తీరున వరసలుగా పేర్చి చూపాడు. మార్కెట్లో మనిషీ సరుకే అన్న నిజం అందులో ఉంది. కాని ఆ పద్ధతిలో గౌరవించబోతే ముఖం మిగులుతుంది, పోరాటం జారిపోతుంది.

1959లో కొలంబియాలో న్యాయవిద్యలో ప్రథమస్థానం పంచుకున్నా, గిన్స్‌బర్గ్‌కు న్యూయార్క్ న్యాయవాద సంస్థలు ఉద్యోగమివ్వలేదు. చనిపోయినవారి ఆస్తి నిర్వహణలో మగవాడికే ప్రాధాన్యమిచ్చిన ఐడహో చట్టాన్ని 1971లో రీడ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అందులో దాఖలు చేసిన వాదనపత్రం మీద గిన్స్‌బర్గ్ పాలీ మర్రీ, డొరోతీ కెన్యన్‌ల పేర్లు కూడా చేర్చింది. పత్రం వాళ్లు రాయలేదు. అందులోని ఆలోచనకు పునాది వేసింది వాళ్లు. మర్రీ నల్లజాతి స్త్రీ. ఆడది అయినందుకే 1944లో హార్వర్డ్ ఆమెను చేర్చుకోలేదు.

బొమ్మ ఒక్కరికే కిరీటం పెట్టింది. ఆ ఒక్కరు మాత్రం తన ముందు నడిచిన వాళ్ల పేర్లు రాసిపెట్టింది. చరిత్రకు కావలసింది ఆ రెండో పనే.