నానో సాంకేతికత: అనంతపురం మెట్ట సేద్యంలో నైతిక ప్రశ్నలు

మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు. ఇంచుమించు 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో పదార్థాన్ని తయారుచేసి వాడే విద్యను నానో సాంకేతికత అంటారు. అంత చిన్న రేణువుల్లో బరువుతో పోలిస్తే ఉపరితలం చాలా ఎక్కువ. అందుకే చిటికెడు పొడి ఎక్కువ పని చేస్తుంది, జీవకణాల్లోకీ సులువుగా చొరబడగలదు. ఆశ, భయం రెండూ ఈ ఒక్క గుణంలోంచే పుట్టాయి.

1959లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1974లో జపాన్‌కు చెందిన నోరియో తానిగుచి దీనికి పేరు పెట్టారు. తయారుచేసిన నానో రేణువులను, వాటి ప్రభావం తెలిసేదాకా, వీలైనంత వరకు ప్రకృతిలోకి వదలవద్దని బ్రిటన్ రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ 2004లో హెచ్చరించాయి. మన దేశం 2007లో వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్ మొదలుపెట్టింది. వ్యవసాయ, ఆహార నానో ఉత్పత్తులను పరీక్షించే మార్గదర్శకాలు మాత్రం 2020లో గానీ రాలేదు. నిధులకూ నియమాలకూ మధ్య గడిచిన ఆ పదమూడేళ్లే ఈ చరిత్రలో పెద్ద లోపం.

తెలుగు నేలపై ఈ కథ వేరుశెనగతో ముడిపడింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి శాస్త్రవేత్తలు టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, పి. సుధాకర్ తదితరులు, మద్రాస్ ఐఐటీ ఆచార్యుడు టి. ప్రదీప్ బృందంతో కలిసి, సుమారు 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్‌ను విత్తనానికి పట్టించి చూశారు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల మోతాదులో మొలక బాగా వచ్చింది, పూత ముందే పడింది. 2000కు పెంచితే ఎదుగుదల కుంటుపడింది. 2008-09, 2009-10 రబీల్లో, మామూలుగా వాడే చీలేటెడ్ జింక్‌లో పదిహేనో వంతు మోతాదునే ఆకులపై పిచికారీ చేస్తే కాయ దిగుబడి దానికన్నా 29.5, 26.3 శాతం పెరిగింది. 2012లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మోతాదు విషయంలో జాగ్రత్త అవసరమని వాళ్లే రాశారు.

ఈ పంట మీదే బతికే ఊళ్లు అనంతపురం పీఠభూమిలో ఉన్నాయి. బత్తలపల్లె ప్రాంతంలో ఎర్ర నేల, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. శెనక్కాయ ప్రధానంగా ముంగారు (ఖరీఫ్) పంట, ఆకాశాన్ని నమ్ముకున్న పంట. రబీలో తేలిన ఫలితం ఊడలు దిగే వేళ వాన మొహం చాటేసిన చేనుకు వర్తిస్తుందా? ఇక్కడ కాయలు మనుషులకు, కట్టె పశువులకు. రేణువుల్లో మిగిలేది ఏదైనా ఉంటే అది పాలల్లోకీ, మట్టిలోకీ చేరుతుందా అన్నది ప్రతి మందుకూ వేయాల్సిన ప్రశ్న. వీపున ట్యాంకు మోస్తూ, చేతికి తొడుగు లేకుండా మందు కొట్టే కూలీ ఆరోగ్యం మరో ప్రశ్న.

2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో నానో యూరియా వచ్చింది. అర లీటరు సీసా 45 కిలోల బస్తాకు సమానమన్నారు. బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. 4 శాతం గాఢత గల ఆ సీసాలో ఉన్నది దాదాపు 20 గ్రాములు. ఆకు నేరుగా పీల్చుకుంటుంది కాబట్టి అది చాలని తయారీదారుల వాదన. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమ పొలాల్లో పరీక్షిస్తే దిగుబడి తగ్గింది. వేరుశెనగ తనకు కావలసిన నత్రజనిని చాలావరకు వేరు బుడిపెలతో తానే సమకూర్చుకుంటుంది గనుక మెట్ట రైతుకు ఈ సీసాతో పెద్ద పని లేదు. అయినా బస్తా కావాలంటే సీసా కూడా కొనాలని దుకాణాలు పట్టుబట్టడం దేశంలో పలుచోట్ల ఫిర్యాదు అయింది. ఆ బలవంతపు అమ్మకం ఆపాలని 2025లో కేంద్ర వ్యవసాయ మంత్రి ముఖ్యమంత్రులకు లేఖ రాశారు.

పంట పోతే నష్టపోయేది అప్పు తెచ్చిన రైతే. కాబట్టి నానో మందు ఏదైనా ముందు ముంగారు మెట్ట చేలల్లో పరీక్షకు నిలబడాలి. ఆ ఫలితాలు, మోతాదు, హాని వివరాలు తెలుగులో రైతు చేతికి అందాలి. అంతవరకు దాన్ని అంగట్లో అమ్మడం న్యాయం కాదు.